రాబందును చంపిన సూది ఎవరిది?

నూటికి అయిదు వడ్డీ లాగే షావుకారును మనం రాబందు అంటాం. కూలి ఎగ్గొట్టే కాంట్రాక్టరును రాబందు అంటాం. మన కరపత్రాల్లో, మన ఉపన్యాసాల్లో ఈ మాట దొర్లని రోజు లేదు. ఈ పోలిక షావుకారుకు గౌరవం, రాబందుకు అన్యాయం. రాబందు చచ్చిన గొడ్డును తిని ఊరిని శుభ్రం చేస్తుంది. షావుకారు మనిషి బతికుండగానే పీక్కుతింటాడు.

అట్లాంటి పక్షి ముప్పయ్యేళ్లలో మన ఆకాశంలోంచి దాదాపుగా మాయమైపోయింది. దాన్ని కాపాడటానికి చట్టాలు వచ్చాయి. కొన్నిచోట్ల పక్షి మెల్లగా కోలుకుంటున్నది కూడా. వ్యవసాయ కూలీల శీర్షికలో పక్షుల గోల ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఈ పక్షుల చావుకూ, మన వాడల్లో కుక్కకాటు చావులకూ, పశువుల ఆసుపత్రిలో డాక్టరు లేకపోవడానికీ, మందుల కంపెనీల లాభాలకూ ఒకే దారం వుంది. ఆ దారం పట్టుకుని లాగితే చట్టం ఎవరి కోసం వచ్చిందో, ఎవరి గడప దాకా పోతున్నదో తేలుతుంది.

వెనకటి రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఊళ్లో గొడ్డు చస్తే ఆసామి దొడ్డి వైపు తొంగి కూడా చూసేవాడు కాదు. మాదిగవాడకు కబురు వచ్చేది. మనవాళ్లు పోయి దాన్ని ఈడ్చుకొచ్చి ఊరి బయట పడేసి తోలు తీసేవాళ్లు. ఆ తర్వాత పని రాబందులది. ఎక్కడో ఆకాశంలో చుక్కల్లా తిరిగేవి గుంపుగా దిగి, చూస్తుండగానే బొక్కలు మిగిల్చి లేచిపోయేవి. ఆ బొక్కలు ఏరి అమ్ముకుని కొన్ని నిరుపేద కుటుంబాలు బతికేవి. ఊరి మురికిని ఎత్తిపోసేవాళ్లు ఇద్దరే: ఒకరు దళితుడు, రెండోది రాబందు. ఇద్దరికీ దక్కింది చీదరింపే. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా ప్రాంతంలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను గోరక్షకులమని చెప్పుకునే మూకలు కట్టేసి కొట్టిన సంగతి దేశమంతా చూసింది. తర్వాత అక్కడి దళితులు కళేబరాలు ఎత్తం పొమ్మన్నారు. ఆ పని విలువ ఏమిటో అప్పుడుగానీ పెద్దలకు తెలిసిరాలేదు.

1980ల నాటికి మన దేశంలో రాబందులు కోట్ల సంఖ్యలో వుండేవని అంచనా. 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు తుడిచిపెట్టుకుపోయాయి. వెయ్యి పక్షులుంటే ఒక్కటి మిగిలిందన్నమాట. పొడవుముక్కు రాబందు, సన్నముక్కు రాబందు అనే మరో రెండు జాతులు నూటికి 97 దాకా పోయాయి. ఇంత వేగంగా ఇంత పెద్దసంఖ్యలో పడిపోయిన పక్షులు లోకంలోనే చాలా అరుదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల కేంద్రంలో రాబందులు మెడలు వేలాడేసుకుని కూర్చుని, కొమ్మల మీంచి రాలిపడటం 1990ల చివర్లోనే శాస్త్రజ్ఞులు చూశారు. ఏదో అంటురోగం అనుకున్నారు. పురుగుమందులేమో అనుకున్నారు. జవాబు 2004లో దొరికింది. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి పరీక్షించిన శాస్త్రజ్ఞులు నేరస్థుణ్ణి పట్టుకున్నారు. దాని పేరు డైక్లోఫెనాక్.

మనకు కొత్త పేరేం కాదు. నడుం నొప్పికీ కీళ్ల నొప్పికీ మందుల షాపులో ఇచ్చే మాత్ర అదే. 1990లలో అది చౌకగా దొరకడంతో పశువులకు కూడా సూదిగా వేయడం మొదలుపెట్టారు. సూది వేసిన కొద్దిరోజులకే ఆ పశువు చస్తే మందు దాని మాంసంలో, కాలేయంలో మిగిలివుంటుంది. ఆ కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు పాడైపోతాయి. ఒంట్లో యూరిక్ ఆమ్లం పెరిగి లోపలి అవయవాల మీద సున్నంలా పేరుకుంటుంది. రోజుల్లోనే పక్షి చస్తుంది. ఒక్క కళేబరం మీద పదుల కొద్దీ పక్షులు వాలుతాయి గనుక నూరు కళేబరాల్లో ఒక్కదానికి కూడా విషం వుండనక్కర లేదు, జాతి మొత్తం నాశనం కావడానికి అంతకన్నా తక్కువే చాలునని లెక్క కట్టారు. 2004, 2005 సంవత్సరాల్లో మన దేశంలో పరీక్షించిన కళేబరాల్లో నూటికి పదింటికి పైగా ఈ మందు కనిపించింది. ఇక పక్షి ఎట్లా మిగులుతుంది?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ సూది వేయించిన రైతు నేరస్థుడు కాదు. దుక్కి అదునులో ఎద్దు కుంటితే రెండెకరాల రైతు ఏం చేస్తాడు? గేదెకు పొదుగువాపు వచ్చి పాలు ఆగిపోతే, పాలకేంద్రంలో పోసే ఆ నాలుగు లీటర్ల మీదే సంసారం నడిపే కూలి మనిషి ఏం చేస్తుంది? పశువుల ఆసుపత్రి పది పదిహేను కిలోమీటర్ల దూరం. పోయినా డాక్టరు వుంటాడన్న నమ్మకం లేదు, డాక్టరుంటే మందుండదు. ఊళ్లో సూదులేసే మనిషిని పిలుస్తారు. మందుల షాపువాడు ఏ సీసా ఇస్తే ఆయన అదే వేస్తాడు. పశువు లేచి నిలబడుతుంది, అందరికీ సంతోషం. ఆ సీసా గుట్టమీది పక్షిని చంపుతుందని వాళ్లకు ఎవరు చెప్పారు? చెప్పాల్సిన ప్రభుత్వం చెప్పలేదు. కొత్త మందుకు లైసెన్సు ఇచ్చే ముందు దాని ప్రభావం ఎంతదూరం పోతుందో చూసే పద్ధతే లేకపోయింది.

మూల్యం మాత్రం పేదలు చెల్లించారు. రాబందులు లేని ఊళ్లో కళేబరం రోజుల తరబడి కుళ్లుతుంది. కుక్కలు పోగవుతాయి. ఈ కళేబరాలు పడేసే చోటు ఏ ఊళ్లో చూసినా పెద్దల మేడల దగ్గర వుండదు, మన వాడల అంచునే వుంటుంది. 1992 నుంచి 2006 దాకా రాబందుల నాశనంతో దేశంలో కుక్కల సంఖ్య కనీసం 55 లక్షలు పెరిగిందనీ, దాని వల్ల 3 కోట్ల 85 లక్షల కుక్కకాట్లు, 47 వేలకు పైగా పిచ్చికుక్కకాటు మరణాలు అదనంగా జరిగాయనీ 2008లో ఒక పరిశోధక బృందం అంచనా వేసింది. 2024లో ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇంకో లెక్క తీశారు. రాబందులు ఎక్కువగా వుండి పోయిన జిల్లాల్లో మనుషుల మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగిందనీ, 2000 నుంచి 2005 దాకా సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారనీ వాళ్ల అంచనా. కలుషితమైన నీరు, కుక్కలు, రోగాలు ఇందుకు దారులు. తెల్లారే పొలానికి నడిచిపోయే కూలి తల్లిని కరిచే కుక్క, కారులో పోయే పెద్దమనిషిని కరవదు.

మరి చట్టం ఏం చేసింది? రెండు చట్టాలున్నాయి. ఒకటి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో ఈ రాబందులు మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానంగా వున్నాయి. వాటిని చంపినా పట్టినా 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల దాకా జైలు. రెండోది 1940 నాటి ఔషధాల చట్టం. హానికరమైన మందును తయారు చేయవద్దు, అమ్మవద్దు అనే అధికారం ఆ చట్టం కేంద్రానికి ఇచ్చింది. మొదటి చట్టం వల వేసిన పేదవాణ్ణి సులువుగా పట్టుకుంటుంది. కానీ రాబందులు వలలో పడి చావలేదు, సీసా వల్ల చచ్చాయి. సీసా సంగతి చూడాల్సింది రెండో చట్టం. అది మహా నిదానంగా నడిచింది.

లెక్క చూడండి. నేరం రుజువైంది 2004లో. పశువుల డైక్లోఫెనాక్ తయారీ ఆపమని 2006లో ఆదేశం వచ్చింది. 2008లో గెజిట్ ప్రకటన వచ్చింది. కానీ మనుషుల కోసమని అదే మందు 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాల్లో అమ్ముకున్నారు. మనిషికి ఒకసారి వేసే మందు 3 మిల్లీలీటర్లు. పెద్ద సీసా ఎవరికి? పశువుకే. దొడ్డిదారి ఇంత బాహాటంగా తెరిచిపెట్టారు. దాన్ని మూయడానికి 2015 దాకా పట్టింది. ఒక్క మోతాదు సీసాలే అమ్మాలని ఆ ఏడాది జూలైలో ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే కంపెనీలు కోర్టుకెక్కాయి. 2017లో మద్రాసు హైకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టింది. ఈలోగా ఎసిక్లోఫెనాక్ అనే మరో మందు వచ్చింది. అది పశువు ఒంట్లోకి పోగానే డైక్లోఫెనాక్‌గా మారిపోతుంది! పేరు మారింది, విషం మారలేదు. దాన్నీ, కీటోప్రోఫెన్ అనే ఇంకో మందునూ పశువులకు వాడకుండా ఆపింది 2023లో. నిమెసులైడ్ వంతు 2024 చివర్లో వచ్చింది. ఒక విషాన్ని ఆపేలోగా కంపెనీ ఇంకోటి తెచ్చిపెడుతుంది. పక్షులు చచ్చి, మనుషులు శవాలు లెక్కపెట్టి రుజువు చేసిన తర్వాత పాలకులు కళ్లు తెరుస్తారు. రుజువు చేసే భారం విషం అమ్మేవాడి మీద లేదు.

విచారించాల్సిన విషయం ఏమంటే, ప్రత్యామ్నాయం మొదటి నుంచీ వుంది. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని 2006లోనే తేలింది. టోల్ఫెనామిక్ ఆమ్లం కూడా సురక్షితమేనని తర్వాత తేలింది. పశువుకు నొప్పి తగ్గుతుంది, పక్షికి ప్రాణం మిగులుతుంది. రైతు బాగు, రాబందు బాగు ఒకదానికొకటి అడ్డం కావు. అడ్డమున్నదల్లా అమ్మకందారు లాభం.

అయినా చట్టం వల్ల ఉపయోగం లేదని చెప్పడం తప్పు. నిషేధం వచ్చిన కొద్ది ఏళ్లకే కళేబరాల్లో డైక్లోఫెనాక్ కనిపించే వంతు నూటికి పది నుంచి ఆరేడుకు దిగింది. రాబందుల పతనం వేగం తగ్గి సంఖ్య కొంత నిలదొక్కుకున్నది. 2015 నాటి సర్వే ప్రకారం దేశంలో తెల్లవీపు రాబందులు సుమారు 6 వేలు, పొడవుముక్కువి 12 వేలు, సన్నముక్కువి వెయ్యి మిగిలాయి. కోట్లలోంచి మిగిలిన వేలివి. హర్యానాలోని పింజోర్‌లో పెంపక కేంద్రం పెట్టి పిల్లలను పెంచి, 2020లో కొన్నిటిని ఆకాశంలోకి వదిలారు. మన హైదరాబాద్ జూ పార్కులోనూ ఒక పెంపక కేంద్రం వుంది. నేపాల్ ఇంకా ముందుకు పోయింది. అక్కడ 2006లోనే మందును నిషేధించి, గూళ్ల చుట్టుపక్కల షాపుల్లోంచి చెడ్డ సీసాలు వెనక్కు తీసుకుని మంచి మందు ఇచ్చారు. ముసలి పశువులను చచ్చేదాకా సాకి, ఆ కళేబరాలను రాబందులకు పెట్టే పనిని గ్రామస్తులే చేపట్టారు. 2012 తర్వాత అక్కడ రాబందుల సంఖ్య మళ్లీ పెరగడం మొదలైంది. పేద దేశం, పేద రైతులు చేసి చూపిన పని ఇది.

కోలుకుంటున్నది కదా అని చట్టం సడలించమనే గొంతులు రేపు లేస్తాయి. వాటికి ఇప్పుడే జవాబు సిద్ధం చేసుకోవాలి. రాబందు ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. పిల్ల పెద్దదై గూడు కట్టడానికి అయిదేళ్ల దాకా పడుతుంది. పదేళ్లలో పోయింది తిరిగి రావడానికి తరాలు పడుతుంది. అమెరికాలో డిడిటి మందు వల్ల డేగల గుడ్ల పెంకులు పలచబడి పగిలిపోయేవి. మిసిసిపీ నదికి తూర్పున ఒక వేట డేగ జాతి జంట కూడా మిగలని స్థితి వచ్చింది. 1972లో ఆ దేశం డిడిటిని నిషేధించింది, మరుసటి ఏడాది అంతరించిపోయే ప్రాణుల రక్షణకు చట్టం చేసింది. ఆ వేట డేగ కోలుకుని ఆ జాబితాలోంచి బయటికి రావడానికి 1999 దాకా పట్టింది. వాళ్ల జాతీయ పక్షి తెల్లతల గద్ద 1963లో 417 జంటలుంటే, 2007 నాటికి పదివేల జంటలకు దగ్గరయింది. జాబితాలోంచి తీసేశారు గానీ రక్షణ తీసేయలేదు. 1940 నాటి మరో చట్టం దాన్ని ఇప్పటికీ కాపాడుతూనే వుంది.

ఆ కథలో మన కూలీలు తెలుసుకోవలసిన ముక్క ఇంకోటుంది. ప్రభుత్వం డిడిటిని నిషేధించక ముందే, 1970లో, కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీలు అయిదేళ్ల సమ్మె తర్వాత యజమానులతో చేసుకున్న ఒప్పందాల్లో డిడిటి వంటి విషాలు తోటల్లో చల్లకూడదని షరతు రాయించుకున్నారు. వాళ్లు పోరాడింది తమ ఊపిరి కోసం, తమ పిల్లల కోసం. అదే విషం గద్దను కూడా చంపుతున్నది. కూలి రేటుతో పాటు విషం సంగతి కూడా బేరానికి పెట్టిన సంఘం అది. కూలికి హాని చేసేది పక్షికీ హాని చేస్తుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇక మన గడ్డ మీదికి వద్దాం. సీతమ్మను ఎత్తుకుపోతున్న రావణుడికి అడ్డంపడి రెక్కలు తెగిన జటాయువు లేపాక్షిలోనే పడిందని మనవాళ్ల నమ్మకం. లేపాక్షి పేరు చెప్పుకుని గర్వపడతాం గానీ ఆ పక్షి ఏమయిందని అడగం. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల వైపు, పెద్దవాగు పక్కనున్న పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందుల గూళ్లు 2013లో బయటపడ్డాయి. అట్లాంటి చోటును కాపాడాల్సిందే. గూళ్లున్న చోటికి చుట్టూ నూరు కిలోమీటర్ల మేర చెడ్డ మందులు లేకుండా చేయాలని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ పని మందుల షాపుల్లో జరగాలి. గుట్టకింద పశువులు మేపుకునే ఆదివాసీ మీద ఫారెస్టు గార్డు కర్ర ఎత్తితే ఒక్క రాబందు కూడా బతకదు. పక్షి పేరు చెప్పి మనుషులను అడవి నుంచి తరిమే ఎత్తుగడను మనం ఎరుగుదుం. గ్రామసభ అంగీకారం లేకుండా అట్లా ఎవరినీ కదిలించకూడదని 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెబుతున్నది. దాన్ని పక్కనపెట్టి పక్షిని కాపాడుతున్నామంటే నమ్మలేం.

"తిండిలేక మనిషి చస్తుంటే రాబందు కావాల్సి వచ్చిందా?" అనే మిత్రులకు ఒక్క మాట. కుక్కకాటుకు చచ్చింది మనిషే. ఊరి కళేబరాల నీళ్లు తాగింది మనిషే. రాబందు చేసే పనికి జీతం లేదు, భత్యం లేదు, ఆ పని ఆగిపోతే దాని బరువు మన నెత్తినే పడింది. కాబట్టి ఇది మన కోర్కెల పత్రంలో వుండవలసిన విషయం.

ప్రభుత్వాలను మేము కోరుతున్నవి ఇవి:

1. పశువులకు వాడే ఏ నొప్పిమందునైనా, రాబందులకు హాని చేయదని రుజువైన తర్వాతే అమ్మనివ్వాలి. ఆ రుజువు ఖర్చు కంపెనీయే భరించాలి.

2. నిషేధించిన మందు పశువులకు అమ్మితే ముందు కంపెనీ మీద, టోకు వ్యాపారి మీద కేసు పెట్టాలి. రైతు మీద, పశువుల కాపరి మీద కాదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల ఖాళీలు నింపి, తనిఖీల వివరాలు ప్రజల ముందు పెట్టాలి.

3. ప్రతి పశువుల ఆసుపత్రిలో మెలాక్సికామ్ ఉచితంగా అందుబాటులో వుంచాలి. డాక్టర్లను, సిబ్బందిని నియమించాలి. ఊళ్లో వైద్యం చేసే గోపాలమిత్రలకు శిక్షణ ఇవ్వాలి.

4. ప్రతి పంచాయతీలో దళితవాడకు, నీటి వనరుకు దూరంగా కళేబరాలకు స్థలం కేటాయించాలి. ఎత్తేవాళ్లకు ప్రభుత్వమే తగిన కూలి, చేతులకు తొడుగులు, టీకాలు ఇవ్వాలి. కులం పేరుతో ఆ పని ఎవరి నెత్తినా రుద్దకూడదు.

5. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుక్కకాటు టీకా, సీరం ఎల్లవేళలా వుండాలి.

ప్రభుత్వాన్ని అడుగుతూనే మన సంఘాలు ఊళ్లో చేయగలిగిన పనులూ వున్నాయి. పశువుకు సూది వేసేటప్పుడు సీసా మీది పేరు చదవండి, చదవలేకపోతే చదువుకుంటున్న పిల్లవాడి చేత చదివించండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్, నిమెసులైడ్ అని వుంటే వద్దనండి, మెలాక్సికామ్ అడగండి. ఆ సూదులు పడి చచ్చిన గొడ్డునూ, ఆంత్రాక్స్ అనే దొమ్మరోగంతో చచ్చిన గొడ్డునూ బయట పడేయకుండా లోతుగా పాతిపెట్టించండి. దొమ్మరోగపు గొడ్డును కోయవద్దు, తోలు తీయవద్దు. కుక్కల మీద కోపంతోనో, చిరుత మీద కోపంతోనో కళేబరానికి విషం పూసే పనిని ఆపించండి. కుక్క కరిస్తే పసర్లు పెట్టకుండా సబ్బునీళ్లతో పావుగంట కడిగి వెంటనే టీకాకు పొండి. పెద్ద సీసాలు పశువులకు అమ్మే షాపు కనిపిస్తే రశీదు తీసుకుని సంఘం దగ్గరికి రండి. పదిమంది కలిసిపోయి అధికారికి ఇచ్చిన కాగితం, ఒక్కడు మొత్తుకున్నదానికంటే బరువుగా వుంటుంది.

ఇకమీదట వడ్డీ వ్యాపారిని వడ్డీ వ్యాపారి అనే పిలుద్దాం. రాబందు మన పక్కన పనిచేసిన శ్రమజీవి. దాని పనిని పోగొట్టిన వాళ్లెవరో మనకు తెలిసింది గనుక, ఆ సీసా అమ్మేవాడి గడప దాకా చట్టాన్ని నడిపించే బాధ్యత ఇక మనది.